మన సొంత పోలీసు

హలో… ఆఁ, నేనేనండీ, రామలింగాన్ని. బెజవాడ నుంచి. వినపడుతోందా?… నాకు సరిగ్గా వినపడ్డంలేదు, కొంచెం గట్టిగా మాట్లాడండి. ప్రెసిడెంటుగారేనా?… వెంకటసుబ్బారావుగారేనా?… అమ్మయ్య. ఏడింటి నుంచి కూర్చున్నానండీ మన వర్తక సంఘం ఆఫీసులో, ఈ ట్రంకు కాలు కోసం. బందరు లైను దొరకదు. దొరికితే మీరు దిగిన ప్లీడరుగారింట్లో ఎవరూ ఎత్తరు…

ఫలహారం దగ్గరున్నారా? చెయ్యి కడుక్కుని రండి, ఉంటాను… అక్కర్లేదా… సరే.

కాదండీ, కొట్లన్నీ బాగానే ఉన్నాయి. దొంగతనం ఏం జరగలేదు… నిప్పూ లేదు, నీళ్లూ లేవు. నన్ను చెప్పనివ్వండి ముందు. మూడు నిమిషాలు కాగానే ఆ ఎక్స్‌ఛేంజి అమ్మాయి మధ్యలో దూరుతుంది.

మన కావలివాళ్లు ఇవాళ తెల్లవారుఝామున ఒక మనిషిని పట్టుకున్నారు… ఆఁ, మన పోలరాజూ, అతని జవాన్లూ… నాలుగింటికి… శభాష్ అనకండి, ఆగండి. వాళ్లు పట్టుకుంది భావనారాయణని.

భావనారాయణండీ. నాకు నేస్తాడే, నేతవాళ్ల వీధి చివరిల్లు… మొన్న కలెక్టరుగారి ఫంక్షనుకి మీరు కట్టుకెళ్లారే, ఆ జరీ పంచె నేసింది ఆయనే… ఆఁ, ఆయన. సన్నగా, పొడుగ్గా. నేను బాబాయ్ అని పిలుస్తాను.

దొంగతనమేవిటండీ. పడుగు మోసుకెళ్తున్నాడు.

పడుగు… మీకు నేసిన గుడ్డ తెలుసుగాని మగ్గం సంగతి తెలీదు, చెబుతాను. నిలువు పోగుల్ని పడుగంటాం. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని ఆరుబయట బారుగా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాలి. అదంతా ఎండ రాకముందే అయిపోవాలి. ఎండ తగిలిందా, గంజి గబుక్కున ఆరిపోయి పోగులు పుటుక్కుపుటుక్కుమని తెగిపోతాయి. అందుకని నేతగాడు నాలుగింటికే లేస్తాడు. మా నాన్న లేచాడు. పదహారేళ్లు వచ్చేదాకా నేనూ లేచాను…

వీధిలోనే చేస్తారు, నిజమే. కుళాయి గొట్టాలు వేస్తామని మునిసిపాలిటీవాళ్లు వాళ్ల వీధంతా తవ్వి పారేశారు కదా. అందుకని నాలుగు రోజుల నుంచి అందరూ మన గోడౌన్ల పక్కనుంచి కాలవ గట్టుకి వెళ్తున్నారు… నాకేం తెలుసండీ, నేనిప్పుడు నాలుగింటికి లేవడంలేదు. ఆరున్నరకి లేస్తున్నాను.

పడుగు చుట్ట భుజాన వేసుకుని ఆయన ముందు నడుస్తున్నాడు. గంజి కుండ పట్టుకుని వెనకాల ఆయన భార్య, వెంకటరావమ్మ పిన్ని. కావలివాళ్లు ఈల ఊదారు. ఆగాడు. చీటీ ఏదన్నారు. లేదన్నాడు. ఈ నూలెవరిదన్నారు. చెప్పలేదు. మళ్లీ అడిగారు. చెప్పలేదు…

కొట్టారండీ.

కొట్టారు. లాఠీలతో. మనం కొనిచ్చిన లాఠీలు. ఆ కుండ పగిలి, పిన్ని చీరంతా గంజి. ఆ చీరతోనే అయిదింటికి మా తలుపు కొట్టింది. ఇప్పుడు ఇక్కడే ఉంది, ఈ ఆఫీసు బల్ల మీద, నాకెదురుగా కూర్చుని నా మొహం చూస్తోంది.

ఆయన మన మూడో నంబరు గోడౌన్లో ఉన్నాడు. తాళం వేశారు…

వదలమంటే వదలట్లేదండీ, అదే కదా నేను చెబుతున్నది. నేను సంఘం సెక్రటరీనయ్యా అన్నాను. పోలరాజు మర్యాదగానే నిలబడ్డాడు, దండం కూడా పెట్టాడు. పెట్టి, జేబులోంచి కాయితం తీశాడు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా నూలుగాని గుడ్డగాని మోసుకెళ్లేవాడి దగ్గర కొట్టు చీటీ లేకపోతే ఆపాలి, సరుకు ఎక్కడిదో చెప్పేదాకా వదలకూడదు, ప్రెసిడెంటుగారి నోటిమాట మీదనే వదలాలి. అక్షరం పొల్లు పోకుండా చదివి వినిపించాడు. ఎవరి దస్తూరీ అనుకున్నారు? నాదే.

ఆరింటిదాకా అని రాసిందీ నేనే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగినవాణ్ణి, నేనే రాశాను ఆరింటిదాకా అని. చెప్పు తీసుకుని కొట్టుకోవాలనుంది నాకు…

పోలరాజుని అనకండి. సముద్రం ఒడ్డు మనిషి, వలా పడవా తెలుసు, ఆ తర్వాత పటాలం తెలుసు. మగ్గం ఎక్కడ చూశాడు? నేను విడమరచి చెబితే తెల్లబోయాడు. మా వాళ్లూ చీకట్లోనే పడవ తోస్తారండీ, నాకు తట్టలేదు అన్నాడు. అయినా కాయితం కాయితమేనండీ అన్నాడు. అతనికి తెలిసిన కొలువదే.

అందుకని మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పోలరాజుని ఫోను దగ్గరికి పిలిపిస్తాను, గోడౌను గుమ్మంలోనే ఉన్నాడు. వదిలెయ్యమని ఒక్క మాటనండి. చాలు. మీరు వెళ్లి ఫలహారం చేసుకోండి…

ఆఁ?

నూలెవరిదంటే… ఏం చెప్పమంటారు. మనదే.

అరవై నంబరు సన్న నూలు.

…హలో. ఉన్నారా?… తెగిందేమో అనుకున్నాను.

ఫోన్లో అనకూడదా? ఎవరు వింటారండీ?… ఆ అమ్మాయా? ఆవిడకి వంద లైన్లు, మన అరవై నంబరు ఎక్కడ పట్టించుకుంటుంది… సరే సరే. సరుకు అంటాను. మీరు కిందటి నెల తెప్పించిన సరుకు. అందులో నాకు పంపిన కట్టలు. వాటిల్లోంచే ఆయనకిచ్చాను… చీటీ ఎలా ఇస్తానండీ? కంట్రోలు లెక్కలోకి రాని సరుక్కి చీటీ రాసిస్తే అది నేనే నా మెడకి తగిలించుకున్నట్టు కాదూ?… నేతవాళ్ల రేషను కార్డుల మీద ఈ నెల అరవై నంబరు ఎవరికీ రాలేదు. ఆ పడుగు ఎవరు చూసినా ఇది బ్లాకు సరుకని ఇట్టే చెప్పేస్తారు. తెలుసండీ నాకు. అది తెలియక ఫోను చేశానా…

ఏవిటమ్మా? మూడు నిమిషాలా? అప్పుడేనా?… ఇవ్వమ్మా, ఇంకో మూడు ఇవ్వు… ఆఁ, నా పేరనే రాసుకో.

చెప్పండి… సాయంత్రందాకానా? సాయంత్రందాకా ఎలా ఉంచుతామండీ ఆయన్ని. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఇంతలావు వాచింది. నేను డాక్టర్ని పిలుస్తానంటే లోపలికి ఎవర్నీ రానివ్వనన్నాడు పోలరాజు, డాక్టరు సంగతి కాయితంలో లేదుట…

మీరు పదకొండింటికి మీటింగులో ఉండాలి, తెలుసు. బందరు వర్తకులంతా వస్తారు, తెలుసు… ఆఁ, మన కావలి సంగతి చెప్పడానికే వెళ్లారు, వాళ్లూ పెట్టుకుందామనుకుంటున్నారు… అయితే ఏం చెబుతారండీ వాళ్లకి? ఇది కూడా చెబుతారా?

కోపం కాదు. నాకు కాళ్లు ఒకచోట నిలవడంలేదు, అంతే. ఈ ఫోను తీగ పొట్టిది, లేకపోతే ఈపాటికి గవర్నర్‌పేట దాకా నడిచేవాణ్ణి.

మీరు నాకు పాఠం చెప్పక్కర్లేదండీ కావలి లాభాల గురించి. మాఘమాసంలో మీటింగులో కుర్చీ ఎక్కి నిలబడింది నేను. పోలీసు స్టేషన్లో నలుగురు జవాన్లు, అరవై వీధులు, వాళ్లెక్కడ చూస్తారయ్యా అన్నాను. నా కొట్టు తాళం పగిలినప్పుడు మూడు రోజులు తిరిగాను స్టేషను చుట్టూ, కంప్లెయింటు రాసుకోమని. రాసుకున్నాక ఇంకో మూడు రోజులు తిరిగాను, వచ్చి చూడమని. వచ్చి చూసి, కుర్చీలో కూర్చుని, పండగ వస్తోంది కదండీ రామలింగంగారూ, మా ఇంట్లోవాళ్లకి చీరలు చూపించండి అన్నాడు ఆ హెడ్డు కానిస్టేబులు. చూపించాను. పట్టుకెళ్లాడు. అదంతా చెప్పి, మన డబ్బుతో మన మనుషుల్ని పెట్టుకుంటే మన మాట వింటారు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మీరూ కొట్టారు…

ఒప్పుకుంటాను. ఈ నాలుగు నెలల్లో మన కొట్లలో ఒక్క తాళం పగల్లేదు. పోలరాజు వచ్చాక నేను కంటినిండా నిద్రపోయాను, అబద్ధం ఎందుకు… ఆడవాళ్లు రెండో ఆట చూసి నడిచి వస్తున్నారు, అదీ నిజమే. నాలుగు నెలల్లో ఒక్కడు లంచం అడిగాడా అంటే, అడగలేదు. నేను కాదనడంలేదండీ.

మరి సుబ్బరత్నం కొట్టు?… మన కొట్టు కాదు, సరే. ఆవిడ చందా కట్టలేనంది, సరే. ఎదురుగుండా ఉన్న కొట్టండీ. తాళం పగలగొడుతుంటే మనవాడు అరుగు మీద నిలబడి చూశాడు. ఏమయ్యా అంటే, పేర్ల జాబితాలో ఆవిడ లేదండీ అన్నాడు. అప్పుడు మనం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను, మీ పక్కనే కూర్చుని.

పాత పోలీసు బీటు జవాను ఒకడుండేవాడు గుర్తుందా, బొజ్జాయన… మామూలు తినేవాడు, ఎవరు కాదన్నారు. కాని నేతవాళ్ల వీధిలో పడుగులు సాగదీస్తుంటే పక్కకి తప్పుకుని, గోడవారగా నడిచి వెళ్లేవాడు. పోగులకి బూట్లు తగులుతాయని. ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఎవరి భుజం మీద మూట ఏవిటో అతనికి తెలుసు. అతనయితే బాబాయిని ఆపేవాడా? పడుగా బాబూ, తొందరగా కానియ్ మబ్బు పట్టింది అనేవాడు…

పోలీసులు కొట్టరా అంటే కొడతారండీ. నేనెప్పుడు కొట్టరన్నాను? కాని వాళ్లు పట్టుకున్నవాణ్ణి ఒక రోజులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కొట్టాడని పై ఆఫీసరుకి అర్జీ పెట్టుకోవచ్చు. మన గోడౌన్లో ఉన్నాయనకి మేజిస్ట్రేటు ఎవరు? మీరు. పై ఆఫీసరు ఎవరు? అదీ మీరే. మీ కింద నేను. మీరేమో బందరులో పెసరట్టు తింటున్నారు…

తప్పే, ఆ మాట అనకూడదు. తప్పు. క్షమించండి.

…

ఒకటి చెబుతానండీ. ఎవరికీ చెప్పలేదు. పిన్ని వినకుండా మెల్లగా చెబుతాను, చెవి దగ్గర పెట్టుకోండి.

అయిదున్నరకి నేను గోడౌన్లోకి వెళ్లాను. పోలరాజు నా ఎదురుగానే మళ్లీ అడిగాడు ఆయన్ని, ఈ నూలు నీకెవరిచ్చారు అని. బాబాయి నావైపు చూశాడు. బేళ్లకి ఆనుకుని, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నావైపు చూశాడు. చెప్పమని అడుగుతున్నాడేమో అనుకున్నానండీ ముందు. తల అడ్డంగా ఊపాడు. చిన్నగా. నువ్వు చెప్పకురా అని.

నేను చెప్పలేదు.

నాదే ఆ నూలు, నేనే ఇచ్చాను అనడానికి ఎంతసేపు పడుతుంది? పోలరాజు మూడోసారి అడిగాడు. నేను అక్కడే నిలబడి నా పైకండువా సర్దుకున్నాను. ఆయన నాకోసం దెబ్బలు తిన్నాడు, ఇంకా తినడానికి సిద్ధంగా ఉన్నాడు, నేను కండువా సర్దుకున్నాను. బయటికి వచ్చి పిన్నితో ఏమన్నానో తెలుసా? ప్రెసిడెంటుగారితో మాట్లాడి విడిపిస్తాను పిన్నీ, నువ్వేం కంగారు పడకు అన్నాను.

…

మంచి పని చేశాననకండి. దయచేసి ఆ మాట మాత్రం అనకండి.

ఏమమ్మా?… అయిపోయిందా. ఇంకా కావాలమ్మా. ఎన్నిసార్లడిగినా ఇవ్వు, నన్ను అడక్కు ఇంక… ఆరు నిమిషాలు మించకూడదా? ఎవరి రూలది?… మనిషి ప్రాణం మీదికి వచ్చింది తల్లీ, అందుకని అడుగుతున్నాను… చల్లగా ఉండు.

ఆఁ, ఉన్నాను. చెప్పండి… ఉపాయమా?

ఊఁ.

ఊఁ.

…కాయితం రాయించుకుని వదిలెయ్యడం. ఏమని రాయాలి?… సంతకం చేస్తాడు, వేలిముద్ర అక్కర్లేదు. చెయ్యి లేస్తే చేస్తాడు… సరే, ఎడంచేతి వేలిముద్ర. ఏమని?

వర్తక సంఘం వారి గోడౌను నుంచి నూలు తీసిన మాట నిజమనీ… ఉండండి, ఉండండి. గోడౌను నుంచా? ఆయన గోడౌన్లో కాలు పెట్టలేదండీ, వీళ్లు ఈడ్చుకొచ్చేదాకా…

అలా రాస్తేనే ఆ సరుకు సంగతి బయటికి రాదు. గోడౌన్లో పాత నిల్వలోది అనుకుంటారు. అర్థమైంది. మీ పేరు రాదు, నా పేరు రాదు. కావలివాళ్లు కొట్టింది దొంగని కాబట్టి వాళ్లకీ మాట రాదు. మీరు పదకొండింటికి మీటింగులో, ఇవాళ పొద్దున్నే మా వాళ్లు ఒక దొంగని పట్టారు అని కూడా చెప్పుకోవచ్చు… చెప్పరా? చెప్పకపోతే ఎవరైనా చెబుతారు.

కేసు పెట్టం. మనం దయతలచి వదిలేశామని రాస్తాం. ఆయన ఇంటికి వెళ్లిపోతాడు. చేతికి వైద్యం మనమే చేయిస్తాం… ఊఁ. తర్వాత?

తర్వాతేముందంటే, దొంగతనం ఒప్పుకున్నవాడికి రేపు నూలెవరిస్తారండీ? నేతగాడికి నూలు ఎలా ఇస్తాం మనం? చీటీ చూసి కాదు, పత్రం చూసి కాదు. వీశె నూలు చేతిలో పెడితే వీశె గుడ్డ వెనక్కి వస్తుందని ఇస్తాం. ఆ పేరు పోయిందంటే ఆ వీధిలో ఆయన గుమ్మం ముందుకి ఏ షావుకారూ రాడు. రెండు మగ్గాలూ పడుకుంటాయి…

నేనిస్తానా? ఇస్తాను, నేనెందుకివ్వను… దొంగ అని నేను రాయించుకున్న మనిషికి నేనే నూలిస్తే, ఎందుకిస్తున్నావోయ్ అని నలుగురూ అడగరా? అడిగితే ఇదంతా తవ్వుకుని బయటికి రాదా? మీరే ఇవ్వొద్దంటారు, రెండు నెలలాగి చూద్దామంటారు. మిమ్మల్ని నేనెరగనా.

…

నిజమేనండి. నాకు భయం లేదని నేనెప్పుడన్నాను. కంట్రోలు కేసంటే జైలే. మా ఇంట్లో మాణిక్యమ్మకి ఈ సరుకు సంగతే తెలీదు. లైసెన్సు పోతుంది. అన్నీ తెలుసు.

ఆయన బయటికి రావడం ముఖ్యమా, ఏ కాయితం మీద వచ్చాడన్నది ముఖ్యమా… ఆఁ. మీరన్నది అలా చూస్తే సబబుగానే ఉంది. ఇప్పుడు ఆయనకి కావల్సింది డాక్టరు. చెయ్యి బాగుపడకపోతే పేరుండి మటుకు ఏం నేస్తాడు…

సరే. రాస్తాను. చెప్పండి. కలం తీసుకోనివ్వండి… ఈ సిరా ఎండిపోయి చచ్చింది… ఆఁ, చెప్పండి.

బెజవాడ వన్‌టౌన్ నేతవాళ్ల వీధి కాపురస్థుడు… భావనారాయణ అను నేను… రాశాను… నా యిష్టపూర్వకముగా… ఊఁ… వర్తక సంఘము వారి గోడౌనునందు… నూలు… అపహరించినట్లు…

ఆగండి ఒక్క నిమిషం. పిన్ని ఏదో అంటోంది.

ఏంటి పిన్నీ?… ఇదా? ఇది… బాబాయిని వదలడానికి కాయితం… ఆఁ, ప్రెసిడెంటుగారు చెబుతుంటే రాస్తున్నాను… వదులుతారు. ఇది చూపిస్తే వదులుతారు… ఉంది. బాబాయి పేరు ఇక్కడుంది, చూడు, ఇదే. ఈ అక్షరాలు… చక్కగానే రాశాను… పిన్నీ, ఏంటది. లే. కాళ్లు వదులు పిన్నీ. పెద్దదానివి, నువ్వు నాకు దండం పెట్టడమేవిటి. లే, నీకు పుణ్యముంటుంది. కూర్చో ఆ బల్ల మీద. కూర్చో.

…

లేదండీ, ఉన్నాను.

అపహరించినట్లు దాకా రాశాను. ఆవిడకి చదువు రాదు. నా కాళ్లకి దండం పెట్టింది. నీ మేలు మర్చిపోనురా నాయనా అంది.

…

వద్దు, తర్వాతి మాట చెప్పకండి. నేను రాయను.

చించేశాను. మీకు వినపడే ఉంటుంది.

ఆవేశం కాదండీ. ఆవేశమయితే పొద్దున గోడౌన్లోనే వచ్చి ఉండేది… ఆఖరిసారి అడుగుతున్నాను, పోలరాజుతో ఒక్క మాట చెబుతారా? ఏ కాయితం లేకుండా, ఊరికే వదిలెయ్ అని?

…

చెప్పరు.

సరే, చెప్పకండి. అయితే నేను స్టేషనుకి వెళ్తున్నాను… పోలీసు స్టేషనుకేనండీ, రైలు స్టేషనుకి కాదు. మన మూడో నంబరు గోడౌన్లో ఒక మనిషిని కొట్టి తాళం వేసి ఉంచారు, వచ్చి తియ్యండి అని చెబుతాను.

ఎందుకు రారు? పరుగెత్తుకుంటూ వస్తారు. మన జవాన్లకి మనం ఖాకీ చొక్కాలు కుట్టించిన రోజు నుంచి వాళ్లకి కడుపు మండుతోంది. ఆ సబినస్పెక్టరు నన్ను చూసి ఎంత నవ్వుకుంటాడో నాకు తెలుసు. నవ్వుకోనివ్వండి. మళ్లీ చీరలు అడిగితే అడగనివ్వండి…

ఏమని చెబుతానంటే, ఉన్నది చెబుతాను. నూలు ఆయన దొంగిలించింది కాదు, నేనిచ్చాను, పేరు రామలింగం, సంఘం సెక్రటరీ.

నీకెక్కడిదని నన్ను అడుగుతారు, అవును… మీ పేరు నా అంతట నేను ఎత్తను. అడిగితే? అడిగితే ఏం చెయ్యాలో నాకింకా తెలీదండీ. ఒక మనిషి నా పేరు చెప్పకుండా చెయ్యి విరగ్గొట్టించుకున్నాడు. నేను అంతటివాణ్ణని మాత్రం మీరు నమ్మకం పెట్టుకోకండి.

బెదిరింపు కాదు. నిజం చెబుతున్నాను. నాకు దెబ్బలంటే భయం.

…బాబాయిని కూడా కేసులో పెడతారా? పెట్టొచ్చు. బ్లాకు నూలు నేసినందుకు పెడతారేమో. అది నేను ఆపలేను. కాని దొంగ అనే మాట ఉండదు. అడిగినవాళ్లకి నూలెవరిచ్చారో చెప్పేవాడు ఒకడు పక్కన నిలబడి ఉంటాడు. ఆర్నెల్లు పడితే ఇద్దరికీ పడుతుంది…

మీటింగు సంగతా? మీ ఇష్టం. అక్కడివాళ్లకి కావలి వద్దని చెప్పమనడంలేదు నేను. వాళ్లకీ దొంగలున్నారు, వాళ్ల స్టేషన్లోనూ నలుగురే జవాన్లు. కాని నా దస్తూరీతో ఉన్న ఆ కాయితం మాత్రం చదవకండి. పెడన అక్కడికి పక్కనే ఉంది, ఆ నేతవాళ్ల ఊరంతా నాలుగింటికి లేస్తుంది. ఆరింటిదాకా అన్న ముక్క కొట్టేసినా చాలదండీ. పట్టుకున్నవాణ్ణి ఎన్ని గంటల్లో ఎవరి ముందు పెట్టాలో అందులో లేదు. నాకు రాయాలని తట్టలేదు. మనల్ని ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాను.

సంఘంలోంచి తీసేస్తారా? తియ్యండి… నా కొట్టు ముందు కావలి ఆపేస్తారా? ఆపెయ్యండి. ఇవాళ్టి నుంచి సుబ్బరత్నం కొట్టూ నా కొట్టూ ఒకటే.

ఏమమ్మా… ఇంక పొడిగించడానికి లేదా? అక్కర్లేదులే అమ్మా, అయిపోవచ్చింది.

వెంకటసుబ్బారావుగారూ, ఎవరిమీదా నాకు కోపం లేదు. ఇరవై ఏళ్లుగా మీ చెయ్యి పట్టుకుని పైకొచ్చాను, ఆ విశ్వాసం ఎక్కడికీ పోదు… వింటున్నాను… ఆఁ… వింటున్నాను…

పిన్నీ, లే. పద, మనం స్టేషనుకి వెళ్లాలి… బాబాయి కోసమే… కాయితం చించేశాను, అది మంచిది కాదు. ఏం రాశానో దారిలో చెబుతాను, చెప్పాక నువ్వు నన్ను తిట్టొచ్చు… లేదు, ఫోను పెట్టలేదు. బల్ల మీద ఉంచాను. ఆయనింకా మాట్లాడుతున్నారు… మాట్లాడనీ పిన్నీ. నువ్వు ఆ మెట్టు దగ్గర చూసుకుని దిగు.